పిల్లులు నాలుగు, షుగర్ ఒకదానికి: తిండి ఎలా పెట్టాలి

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్ళలో పిల్లుల భోజనం దాదాపు ఒక్కలాగే నడుస్తుంది. పొద్దున్న పాలు, మధ్యాహ్నం చేపల పులుసు కలిపిన అన్నం, వంటింటి గుమ్మం పక్కన రోజంతా నిండుగా ఉండే డ్రై ఫుడ్ గిన్నె. ఏ పిల్లి ఎప్పుడొచ్చి ఎంత తిన్నదో ఎవరూ చూడరు. అన్నీ ఆరోగ్యంగా ఉన్నంతకాలం చూడాల్సిన పనీ లేదు. వాటిలో ఒకదానికి షుగర్ అని తేలిన రోజు నుంచి మాత్రం ఆ పిల్లి ఏం తిన్నది, ఎంత తిన్నది అన్న రెండింటికీ పూటపూటకీ జవాబు తెలిసి ఉండాలి. ఎప్పుడూ నిండుగా ఉండే గిన్నె ఇంట్లో ఉంటే ఆ జవాబు దొరకదు.

చాలామంది షుగర్ పిల్లి ఒక్కదానికే కాపలా కాసి మిగతా వాటిని పాత పద్ధతిలోనే వదిలేద్దామనుకుంటారు. అది వారం కూడా సాగదు. ఇంట్లో పిల్లులన్నిటికీ భోజన వేళలు పెట్టేయడమే తేలికైన దారి. ఈ రాతలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఒక హెచ్చరిక

పిల్లికి ఇప్పటికే ఇన్సులిన్ మొదలుపెట్టి ఉంటే డాక్టరుతో మాట్లాడకుండా తిండి మార్చకండి. పిండిపదార్థం ఎక్కువగా ఉన్న తిండికి సరిపడేలా నిర్ణయించిన డోసు, తిండిలో పిండి తగ్గగానే ఎక్కువైపోతుంది. మంచి తిండి పెట్టామన్న సంతోషంలో ఉండగానే పిల్లి షుగర్ పడిపోయి తూలిపోతుంది. తిండి మార్పు మొదలుపెట్టే తేదీని డాక్టరుకి ముందే చెప్పాలి, డోసు ఎంత తగ్గించాలో అడగాలి, ఆ రోజుల్లో ఇంట్లోనే గ్లూకోమీటరుతో చూస్తూ ఉండాలి. మనుషుల మీటరు పిల్లి రక్తంలో షుగర్‌ను అసలు ఉన్నదానికంటే కొంత తక్కువగా చూపిస్తుంది. ఏ మీటరు వాడుతున్నారో కూడా డాక్టరుకి చెప్పండి.

మన చిన్న ఊళ్ళలో పశువుల ఆసుపత్రుల్లో ఆవులు, మేకల పనే ఎక్కువ. పిల్లి షుగర్ చూసిన అనుభవం ఉన్నవాళ్ళు దగ్గర్లో దొరక్కపోతే భువనేశ్వర్‌లో ఓయూఏటీ (ఒడిశా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయం) వారి పశువైద్య కళాశాల ఉంది, ఇటువైపు విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఒకసారి అక్కడ చూపించి డోసు, తిండి కాగితం మీద రాయించుకుని వస్తే, ఆ కాగితం పట్టుకుని ఊళ్ళో డాక్టరు దగ్గర కొనసాగించవచ్చు.

మనిషి షుగర్ తిండి పిల్లికి పనికిరాదు

ఇంట్లో పెద్దవాళ్ళకి షుగర్ వస్తే అన్నం తగ్గించి చపాతీకో, రాగి జావకో, కొర్రలకో మారతాం. ఆ లెక్కన పిల్లికి కూడా పాలన్నం మాని రాగి సంకటి పెట్టినవాళ్ళున్నారు. పిల్లికి రాగీ, బియ్యమూ, గోధుమా అన్నీ ఒక్కటే, అన్నీ పిండే. అది పూర్తిగా మాంసాహారి. ఒక్కసారిగా వచ్చిపడే పిండిపదార్థాన్ని సర్దుకునే శక్తి దాని కాలేయానికి తక్కువ. దానికి కావలసిన శక్తి మాంసకృత్తుల నుంచి, కొవ్వు నుంచి రావాలి. రోజు మొత్తం క్యాలరీల్లో పిండి వాటా 12 శాతం దాటకూడదని, మాంసకృత్తుల వాటా 40 శాతానికి తగ్గకూడదని పశువైద్యులు చెప్పే లెక్క.

అలాగే తాతగారి షుగర్ మాత్ర అరముక్క పిల్లికి వేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడని పని.

ప్యాకెట్ వెనక లెక్క

మన దగ్గర అమ్మే ప్యాకెట్ల మీద పిండిపదార్థం ఎంతో చాలావరకు రాయరు. మనమే తీయాలి, కష్టమేమీ కాదు. ప్యాకెట్ వెనక మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ శాతాలుంటాయి. క్రూడ్ యాష్ అని రాసేది ఖనిజాల శాతం. అది లేకపోతే డ్రై ఫుడ్‌కి 8, తడి తిండికి 2.5 అని ఉజ్జాయింపుగా వేసుకోండి. ఇవన్నీ కలిపి 100 లోంచి తీసేస్తే మిగిలేది పిండి. తర్వాత మాంసకృత్తుల్ని 3.5తో, కొవ్వుని 8.5తో, పిండిని 3.5తో గుణించండి. మూడూ కలిపితే 100 గ్రాముల్లో ఉన్న కిలోక్యాలరీలు. అందులో పిండి వాటా ఎంత శాతమో చూడండి.

ఒక డ్రై ఫుడ్ తీసుకుందాం. మాంసకృత్తులు 32, కొవ్వు 12, పీచు 4, తేమ 10, ఖనిజాలు 8. కలిపితే 66, మిగిలిన 34 పిండి. క్యాలరీలు వరసగా 112, 102, 119, మొత్తం 333. పిండి వాటా 36 శాతం, అంటే ఉండాల్సిన దానికి మూడు రెట్లు. ఇప్పుడొక తడి తిండి. మాంసకృత్తులు 11, కొవ్వు 5, పీచు 0.5, తేమ 80, ఖనిజాలు 2.5. మిగిలిన 1 పిండి. మొత్తం 84.5 కిలోక్యాలరీల్లో పిండివి 3.5, అంటే 4 శాతం. ఇది మనకి కావాల్సింది.

తడి తిండి అంతా మంచిదేనని అనుకోవద్దు. మాంసకృత్తులు 8, కొవ్వు 2.5, పీచు 1, తేమ 83, ఖనిజాలు 2.5 ఉన్న పౌచ్‌లో పిండి 3 గ్రాములే, కానీ మొత్తం క్యాలరీలే 60 కాబట్టి దాని వాటా దాదాపు 18 శాతానికి పోతుంది. గ్రేవీ రకాల్లో ఆ చిక్కదనం కోసం పిండి కలుపుతారు. ముద్దలా ఉండే పాటే రకాల్లో సాధారణంగా తక్కువ. ధాన్యం లేదని రాసిన డ్రై ఫుడ్‌ని చూసి మోసపోకండి, బియ్యం బదులు అందులో బఠాణీ, బంగాళాదుంప ఉంటాయి. బరువు తగ్గడానికని అమ్మే లైట్ రకాల్లో కొవ్వు తగ్గించిన చోట పిండి పెరిగే అవకాశం ఉంది, అవి కూడా లెక్క వేయకుండా కొనవద్దు.

ఎంత పెట్టాలి

షుగర్ అదుపులోకి రాకముందు పిల్లి ఎంత తిన్నా చిక్కిపోతూనే ఉంటుంది. ఆ దశలో తిండి తగ్గించకూడదు. అదుపులోకి వచ్చాక, ఇంకా లావుగా ఉంటే అప్పుడు బరువు సంగతి చూడాలి. నాలుగున్నర కిలోలు ఉండాల్సిన పిల్లికి రోజుకి సుమారు 216 కిలోక్యాలరీలు ఆధారంగా తీసుకోవచ్చు, 4 కిలోలకి 198, 5 కిలోలకి 234. పైన చెప్పిన 84.5 కిలోక్యాలరీల తడి తిండి 85 గ్రాముల పౌచ్ అయితే ఒక్కో దాంట్లో 72 ఉంటాయి. నాలుగున్నర కిలోల పిల్లికి రోజుకి మూడు పౌచ్‌లు. బరువు తగ్గించాల్సి వస్తే ఉండాల్సిన బరువుని బట్టి వచ్చిన లెక్కలో 80 శాతం పెడతారు. వారానికి శరీర బరువులో 1 శాతం తగ్గితే చాలు, 6 కిలోల పిల్లి వారానికి 60 గ్రాములు. అంతకన్నా వేగంగా పోతుంటే తిండి పెంచాలి.

ఈ మూడు పౌచ్‌లూ కలిపి 255 గ్రాములు, వాటిలో పిండి రెండున్నర గ్రాములు. ఈ అంకె గుర్తుంచుకోండి. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండి 28 గ్రాములు. చేపల పులుసు కలిపిన చిన్న గుప్పెడు, అంటే 60 గ్రాముల అన్నంలో 17 గ్రాములు. మనం రోజంతా జాగ్రత్తగా పెట్టినదానికి ఆరేడు రెట్లు ఆ ఒక్క గుప్పెట్లో వెళ్ళిపోతుంది. చిన్న గ్లాసు, 100 మిల్లీలీటర్ల పాలలో దాదాపు 5 గ్రాములు. పక్క పిల్లి గిన్నెలోంచి దొంగిలించిన 15 గ్రాముల డ్రై ఫుడ్‌లోనూ 5 గ్రాములు. ఇంజక్షన్ వేళ తప్పకుండా ఇస్తున్నా షుగర్ ఎందుకు దిగడం లేదని తలపట్టుకునే ఇళ్ళలో కారణం తరచుగా ఇక్కడే దొరుకుతుంది.

ఇంటి మాంసం, చేప

పౌచ్‌ల ఖర్చు చిన్నది కాదు. అందుకే ఉడికించిన కోడిమాంసం పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. రోజు క్యాలరీల్లో పదో వంతు వరకు నిశ్చింతగా పెట్టొచ్చు. నాలుగున్నర కిలోల పిల్లికి అది ఉడికిన చర్మం లేని కోడి రొమ్ము 13 గ్రాములు. పచ్చి ముక్క పెట్టకండి. ఉప్పు, పసుపు, మసాలా ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్కని కడిగి పెట్టడం కూడా వద్దు, అవి పిల్లి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి.

మొత్తం ఇంటి వంటే పెట్టాలంటే మాత్రం ఉత్త మాంసం సరిపోదు. ఎముక లేని మాంసంలో కాల్షియం దాదాపు ఉండదు. పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ఉడికించిన నీళ్ళలోకి దిగిపోతుంది, ఆ నీళ్ళు పారబోస్తే అది కూడా పోతుంది. ఏళ్ళతరబడి టారిన్ అందకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. కాల్షియం, టారిన్, విటమిన్లు ఎంతెంత కలపాలో డాక్టరు రాసిచ్చిన లెక్కతోనే పూర్తి ఇంటి వంట మొదలుపెట్టాలి.

గోపాలపూర్, సోంపేట తీరాల్లో కవళ్ళు, కానాగంతలు చవగ్గా దొరుకుతాయి. ఉప్పు లేకుండా ఉడికించి, ముల్లు తీసి, వారానికి రెండు మూడుసార్లు చెంచాడు పెట్టండి. కొన్ని పచ్చి చేపల్లో విటమిన్ బి1ని నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. రోజూ నూనె చేపే పెడితే విటమిన్ ఇ కొరత వస్తుంది. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, అవి వద్దే వద్దు. చేప ఉడికించిన ఉప్పు లేని నీళ్ళు మాత్రం చాలా పనికొస్తాయి. డ్రై ఫుడ్‌కి అలవాటుపడ్డ మొండి పిల్లిని తడి తిండికి మళ్ళించేది అదే.

తిండి మార్చడం: 10 రోజులు

మొదటి 3 రోజులు కొత్త తిండి పావు వంతు, తర్వాత 3 రోజులు సగం, మరో 3 రోజులు ముప్పావు, పదో రోజు పూర్తిగా. పిల్లి ముక్కు తిప్పుకుంటే ఆ మెట్టు దగ్గరే రెండు రోజులు ఆగండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి తిండి వాసన రాదు, చెంచాడు వేడినీళ్ళు కలిపి గోరువెచ్చగా చేయండి. పాత గింజలు రెండు మూడు పొడి చేసి పైన చల్లండి. ఒడియా ఇళ్ళలోనూ మన ఇళ్ళలోనూ ఆకలైతే అదే తింటుందిలే అనే మాట ఒకటుంది. పిల్లి విషయంలో, అందులోనూ లావు పిల్లి విషయంలో ఆ పంతం పనికిరాదు. రెండు మూడు రోజులు తినకుండా ఉంటే ఒంట్లో కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. 24 గంటలు ఏమీ తినకపోతే పాత తిండికి వెనక్కి వెళ్ళి డాక్టరుకి ఫోన్ చేయండి.

అన్నిటికీ వేళలు పెట్టడం

ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. మిగతా పిల్లులకి కూడా ఇదే తడి తిండి పెట్టగలరా? పెట్టగలిగితే సగం తలనొప్పి పోతుంది. పిండి తక్కువున్న పూర్తి ఆహారం ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి ఏ హానీ చేయదు. దొంగిలించినా షుగర్ పిల్లికి ముప్పు రాదు, ఎంత తిన్నదో తెలియకపోవడమే మిగులుతుంది. దీనికి మినహాయింపులు మూడు. మూత్రపిండాల జబ్బున్న పిల్లికి ఫాస్ఫరస్ తగ్గించిన తిండి కావాలి. మూత్రంలో రాళ్ళకి ప్రత్యేక తిండి తింటున్న పిల్లిని దాని మీదే ఉంచాలి. పాలు మానిన కూనకి పిల్లికూనల తిండే పెట్టాలి, పాటే రకంలో దొరుకుతుంది.

ఖర్చు భరించలేని ఇంట్లో మిగతావి డ్రై ఫుడ్ తినొచ్చు, అయితే వేళకే, గదిలోనే. ఇక్కడ చాలామంది తిరగేసి ఆలోచిస్తారు. షుగర్ పిల్లి తిండిని మిగతావాటి నుంచి కాపాడాలనుకుంటారు. కాపాడాల్సింది డ్రై ఫుడ్‌ని, షుగర్ పిల్లి నుంచి. తాళం వేయాల్సింది చెడు చేసే తిండికి.

పద్ధతి ఇదీ. మొదటి వారం గిన్నె ఒక్కసారిగా మానేయకుండా, రోజుకి నాలుగుసార్లు గంటేసి సేపు పెట్టి తీసేయండి. రెండో వారం మూడుసార్లు అరగంట. మూడో వారం నుంచి ఉదయం 7, రాత్రి 7 ప్రధాన భోజనాలు, మధ్యాహ్నం ఒంటిగంటకి, రాత్రి పడుకునేముందు చిన్న భోజనం. 20 నుంచి 30 నిమిషాలు గడిచాక మిగిలింది తీసేయాలి. అరుస్తాయి, కాళ్ళకి అడ్డం పడతాయి, అటకెక్కి మూతలు తీస్తాయి. డ్రై ఫుడ్‌ని గట్టి మూతున్న స్టీలు డబ్బాలో పెట్టండి, బియ్యం డబ్బా లాంటిదైతే మేలు. పది రోజుల్లో వేళ పట్టుబడుతుంది, ఏడు కాకముందే గుమ్మం దగ్గర వరసగా కూర్చుంటాయి.

ప్రతి పిల్లికీ దాని చోటు, దాని గిన్నె. ఒక పిల్లికి ఇంకోటి కనపడకపోతే నెమ్మదిగా తింటాయి, పక్కదాని గిన్నె మీదికి పోవు. షుగర్ పిల్లిని తలుపున్న గదిలోనో, పెద్ద క్యారియర్‌లోనో పెట్టి తినిపించడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. క్యారియర్ తలుపు నాలుగు రోజులు తెరిచే ఉంచి లోపల గిన్నె పెట్టండి, తానే వెళ్ళి కూర్చుంటుంది. ఆ తర్వాత మూయండి. ఇంజక్షనూ అక్కడే, తింటున్నప్పుడు మెడ వెనక చర్మం ఎత్తి వేయొచ్చు.

గది లేని ఒంటిగది ఇళ్ళలో రెండు ఉపాయాలు వాడతారు. ఒకటి, బక్క పిల్లులకి ఎత్తు మీద తిండి పెట్టడం, కిటికీ గట్టు మీదో బీరువా మీదో. షుగర్ ముదిరిన పిల్లికి వెనక కాళ్ళ నరాలు దెబ్బతిని మడమల మీద నడుస్తుంది, ఎగరలేదు. రెండోది, బక్క పిల్లి దూరగలిగి లావు పిల్లి దూరలేనంత కన్నం కోసిన ప్లాస్టిక్ పెట్టె. 9 సెంటీమీటర్ల కన్నంతో మొదలుపెట్టి, బక్కది దూరేదాకా అరసెంటీమీటరు చొప్పున పెంచండి. అంచుకి టేపు వేయండి, మీసాలు, మెడ గీసుకోకుండా. రెండు ఉపాయాలూ పనిచేస్తాయి, కొన్నాళ్ళే. వైద్యం ఫలిస్తే కాళ్ళు బాగుపడి బీరువా మీదికి ఎగురుతుంది, ఒళ్ళు తగ్గి కన్నంలోంచి దూరుతుంది. అదుపులో ఉన్న షుగర్ రెండో నెలలో కారణం లేకుండా పెరిగితే మొదట ఈ రెండు చోట్లూ చూడండి. నెలకోసారి షుగర్ పిల్లిని కన్నం దగ్గర వదిలి పరీక్షించడం మంచిది.

పిల్లి ఒంట్లోనో పట్టీకో ఉన్న చిప్‌ని గుర్తుపట్టి మూత తెరుచుకునే గిన్నెలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఖరీదెక్కువ. కొంటే వాటిని డ్రై ఫుడ్ తినే పిల్లులకి కొనండి. మూత తెరిచి ఉండగా పక్కనుంచి తల దూర్చే పిల్లుల ముందు ఇవీ ఓడిపోతాయి, గిన్నెకి వెనకా పక్కలా అట్ట గోడ కట్టాలి.

మన తేమకి, ఎండకి తడి తిండి గంట దాటితే పాడవుతుంది, మేలో ఇంకా త్వరగా. విప్పిన పౌచ్‌ని గాజు గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాటికల్లా వాడేయండి. చీమల బెడదకి గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టే పాత పద్ధతి ఇక్కడా చక్కగా పనిచేస్తుంది.

ఇంజక్షనూ భోజనమూ

ముందు తిండి, తర్వాత ఇంజక్షన్. గిన్నె పెట్టి, సగమైనా తిన్నదని కళ్ళతో చూసి, అప్పుడు మందు. గుంపులో తినిపిస్తే ఈ చూడడమే కుదరదు, వేరుచేయమనేది అందుకే. సగం కన్నా తక్కువ తింటే ఎంత ఇవ్వాలి, అసలు తినకపోతే, వాంతి చేసుకుంటే ఏం చేయాలి అన్నవి డాక్టరుతో ముందే కాగితం మీద రాయించి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. రాత్రి 7 గంటలకి తినని పిల్లి ముందు కూర్చుని ఆలోచించే విషయం కాదది.

ఇంజక్షన్ ఇచ్చినవాళ్ళు వెంటనే గోడ క్యాలెండర్ మీద గీత గీయాలి. అమ్మ ఇచ్చిందని తెలియక కొడుకు మళ్ళీ ఇవ్వడం అనేది ఉమ్మడి ఇళ్ళలో నిజంగా జరిగే ప్రమాదం. ఇచ్చారో లేదో అనుమానం వస్తే ఆ పూటకి ఇవ్వకండి. ఒక పూట మానితే పెద్దగా నష్టం లేదు, రెండుసార్లు ఇస్తే ప్రాణం పోవచ్చు.

సిరంజి సంగతి మరీ ముఖ్యం. మందుల షాపుల్లో ఎర్ర మూతవి మిల్లీలీటరుకి 40 యూనిట్ల ఇన్సులిన్‌కి, నారింజ మూతవి 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ సాధారణంగా 100 యూనిట్ల రకం. దాన్ని ఎర్ర మూత సిరంజిలో 1 గీత దాకా తీస్తే లోపలికి వెళ్ళేది రెండున్నర యూనిట్లు. షాపులో ఏదైనా ఒకటేనండీ అని ఇస్తే తీసుకోకండి.

షుగర్ పడిపోతే పిల్లి ఉన్నట్టుండి విపరీతంగా ఆకలిగా తిరగొచ్చు, లేదా నీరసంగా మూలకి చేరొచ్చు. తూలుతుంది, చూపు ఒకచోట నిలిచిపోతుంది, వణుకు, చివరికి ఫిట్స్. మీటరులో 60 కన్నా తక్కువ కనిపిస్తే లక్షణాలు లేకపోయినా ఊరుకోకండి. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టండి, ఇలాంటప్పుడు దాచిపెట్టిన డ్రై ఫుడ్ గుప్పెడే మందు. తినలేకపోతే తేనె గాని, కొద్ది నీళ్ళలో చిక్కగా కలిపిన గ్లూకోజ్ పొడి గాని అరచెంచా వేలితో చిగుళ్ళకి రాయండి. ఏదీ దొరక్కపోతే బెల్లం పాకమైనా సరే. ఫిట్స్‌లో ఉన్నప్పుడు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చిగుళ్ళకే రాయండి, వేళ్ళు పళ్ళ మధ్య పెట్టకండి. 15 నిమిషాలకి మళ్ళీ చూడండి. తేరుకున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే, ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. గ్లూకోజ్ డబ్బా ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

దీనికి విరుద్ధమైన ప్రమాదం కూడా ఉంది. తినడం మానేసి, వాంతులతో, నోటి నుంచి పండు కుళ్ళినట్టో గోళ్ళ రంగు తుడిచే ద్రవంలానో వాసన వస్తుంటే రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పెరిగాయన్నమాట. ఇది ఇంట్లో సర్దుకునేది కాదు, ఆ రోజే ఆసుపత్రికి.

ఇంటి కన్నాలు

తిండి గిన్నెలు ఎంత సర్దినా పిండి ఇంకోచోట నుంచి లోపలికి వస్తుంది. అమ్మమ్మ పాలు పోస్తుంది, పిల్లలు బిస్కెట్ ముక్క పడేస్తారు, కాకులకి పెట్టిన అన్నం గోడ మీద ఉంటుంది, కుక్క గిన్నె వాకిట్లో ఉంటుంది. పాలు పోయొద్దని అమ్మమ్మకి చెబితే ఆవిడ చాటుగా పోస్తుంది, ప్రేమకొద్దీ చేసే పని అది. పాలు బదులు ఆవిడ చేతికి రోజూ మూడు కోడి ముక్కలు ఇవ్వండి, ఆ 13 గ్రాముల్లోవే. పెట్టే సంతోషం ఆవిడకీ మిగులుతుంది.

కార్తీకం వేరే చిక్కు తెస్తుంది. మనవాళ్ళూ ఒడియావాళ్ళూ చాలా ఇళ్ళలో ఆ నెల నీచు ముట్టరు. చివరి ఐదు రోజుల బక పంచకంలో కొంగ కూడా చేప తినదని ఒడియావాళ్ళ మాట. ఇంట్లో చేప ఉడకదు కాబట్టి పిల్లులకి పాలన్నమే గతి అవుతుంది. ఆరోగ్యమైన పిల్లి నెట్టుకొస్తుంది గాని, షుగర్ పిల్లికి ఆ నెల గండమే. ఆశ్వయుజంలోనే నెలకి సరిపడా పౌచ్‌లు తెచ్చి పెట్టుకోండి, వంటింటి గిన్నెలు తాకకుండా విడి చెంచా, విడి పళ్ళెంతో వసారాలో పెట్టొచ్చు. పౌచ్‌కి పొయ్యి అవసరం లేదు, పూజకి ఇబ్బంది ఉండదు.

బయట తిరిగే పిల్లి అయితే నాలుగిళ్ళ వాళ్ళకి చెప్పాలి. తెలుగు రాని పక్కింటివాళ్ళకి ఒడియాలో: బిలేఇకు కిఛి ఖాఇబాకు దిఅన్తు నాహిఁ, తార సుగర్ అఛి. మెడకి చిన్న పట్టీ కట్టి దాని మీద తిండి పెట్టొద్దని రెండు భాషల్లో రాస్తే ఇంకా మంచిది, తగులుకుంటే ఊడిపోయే రకం పట్టీ తీసుకోండి. మొదటి రెండు నెలలు ఇంట్లోనే ఉంచగలిగితే అంతకన్నా మేలు మరోటి లేదు.

తుఫాను రోజులు

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అప్పుడు కరెంటు ఎన్ని రోజులు పోయిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. సెప్టెంబరు నాటికే పది రోజుల పౌచ్‌లు, సిరంజీలు, మీటరు స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి ఒక డబ్బాలో సర్దండి. పెద్ద ప్యాకెట్ల కన్నా ఒక్క భోజనానికి సరిపోయే చిన్న పౌచ్‌లు కొనండి, విప్పింది దాచడానికి ఫ్రిజ్ ఉండదు. ఇన్సులిన్ సీసాని నీళ్ళు దూరని డబ్బాలో పెట్టి, చిన్న మట్టికుండలో ఉంచి, ఆ కుండని తడి ఇసుక పోసిన పెద్ద కుండలో పెట్టండి, ఇసుక ఆరనివ్వకండి. ఐసు ముక్కలకి సీసా నేరుగా తగలకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

ఏం రాసుకోవాలి

రోజూ: తిన్నది ఎంత, ఎన్ని యూనిట్లు, ఎన్ని గంటలకి. వారానికోసారి: బరువు. పిల్లిని ఎత్తుకుని తూకం ఎక్కి మీ బరువు తీసేసే పద్ధతి మనుషుల తూకం మీద వంద గ్రాముల తేడాలు పట్టుకోలేదు, పసిపిల్లల తూకం తీసుకోండి. నీళ్ళు: రోజుకి కిలో బరువుకి 50 మిల్లీలీటర్లు దాటి తాగితే అతిగా తాగుతున్నట్టు. నాలుగు పిల్లులు ఒకే గిన్నెలో తాగుతుంటే ఎవరు ఎంత తాగారో తెలియదు. అందుకని వారంలో ఒక రోజు షుగర్ పిల్లిని ఒక గదిలో దాని నీళ్ళు, దాని ఇసుక తొట్టెతో ఉంచి కొలవండి. తడి తిండికి మారాక నీళ్ళు తాగడం ఎలాగూ తగ్గుతుంది, తిండిలోనే 80 శాతం నీరుంది. కాబట్టి మారిన తర్వాతి వారాల అంకెల్నే ఒకదానితో ఒకటి పోల్చండి.

జబ్బు బయటపడ్డ మొదటి ఆరు నెలల్లో గట్టిగా అదుపులోకి తెచ్చిన పిల్లుల్లో కొన్నిటికి ఇంజక్షన్ అవసరమే లేని స్థితి వస్తుంది. మీటరులో అంకెలు పూటపూటకీ దిగుతుంటే డాక్టరుకి వెంటనే చెప్పి డోసు తగ్గించుకుంటూ రావాలి. ఇంజక్షన్ ఆగినా తిండి మాత్రం మారదు, వేళలూ మారవు. డ్రై ఫుడ్ గిన్నె మళ్ళీ గుమ్మం పక్కకి రాకూడదు. ఇంజక్షన్ ఆగిన తర్వాత కూడా వారానికోసారి తూకం, నీళ్ళ కొలత ఆపకండి. నీళ్ళ గిన్నె మామూలు కన్నా ముందే ఖాళీ అయితే ఆ సాయంత్రమే ఒక చుక్క రక్తం తీసి చూడండి.